మీకు నచ్చిన లయ వాద్యకారులు ఎవరు? వాళ్ళ చేతిలో ఏం విని నచ్చారు?

సీమలయ, అనంతపురం:
మృదంగం, తబలా, డ్రమ్ కిట్, డోలు, పలక, కంజీర... వాద్యం ఏదైనా సరే, మీకు బాగా నచ్చినవాళ్ళ పేరు చెప్పండి. ఒక్క షరతు. "అద్భుతం", "చేయి కనపడదు, అంత వేగం" అని ఆపేయకండి. ఆ చేతిలో ఏముందో, రికార్డింగులో ఏ చోట చెవి పెడితే అది దొరుకుతుందో రాయండి. నేర్చుకునే పిల్లలు చాలామంది ఇది చదువుతున్నారు.

ముందు నేను చెప్తాను. మృదంగంలో పాలఘాట్ మణి అయ్యర్ (1912–1981). తని ఆవర్తనం (కచేరీలో లయ వాద్యాలు మాత్రమే వాయించే భాగం) వినే ముందు ఆయన కీర్తన వెనక వాయించింది వినండి. గాయకుడు ఒక సంగతి (అదే పంక్తిని కాస్త మార్చి పాడే తీరు) మొదటిసారి పాడినప్పుడు ఆ చేయి వింటుంది. రెండోసారి ఆ సంగతి ఒంపును పట్టుకుంటుంది. సాహిత్యంలో మాట విరిగే చోట దెబ్బ విరుగుతుంది, అక్షరం సాగే చోట తొప్పి (మృదంగం ఎడమ ముఖం) మీద గుమికి (ఒత్తి జారే నాదం) సాగుతుంది. పల్లవి నుంచి అనుపల్లవికి పోయేటప్పుడు వేసే అరుది (ముగింపు దెబ్బల వరుస) చిన్నది, అయినా పాట మలుపు తిరిగిందని కళ్ళు మూసుకున్నవాడికి కూడా తెలిసిపోతుంది. మైకు ఆయనకు గిట్టేది కాదు. మైకు లేకుండా చివరి వరుసదాకా వినపడాలంటే బలంగా బాదితే చాలదు. బాదిన దెబ్బ దగ్గర్లో చెవులు హోరెత్తిస్తుంది, దూరం పోయేసరికి చదునైపోతుంది. శ్రుతిలో ఉన్న దెబ్బే దూరం పోతుంది.

ఆయనతో పాటు పళని సుబ్రహ్మణ్య పిళ్ళై (1908–1962) వినాలి. ఎడమచేతి వాటం. అందరికీ ఎడమ చేతి కింద ఉండే తొప్పి ఆయనకు కుడిచేతి కింద ఉండేది. ఆ తొప్పి పలికిన తీరు విన్నాక, మృదంగంలో ఎడమ ముఖం తాళానికి ఊతం మాత్రమే అనుకోవడం మానేస్తారు.

బురుజు బీట్, కర్నూలు:
అన్నా, కిట్ వైపు నుంచి రెండు పేర్లు.

చార్లీ వాట్స్ (1941–2021), రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్. మామూలు రాక్ బీట్‌లో కుడిచేయి హైహ్యాట్ (జత సింబల్స్) మీద ఎనిమిది దెబ్బలు వేస్తుంది, ఎడమచేయి 2, 4 లెక్కల మీద స్నేర్ డ్రమ్ కొడుతుంది. వాట్స్ ఆ రెండు లెక్కల దగ్గర కుడిచేతిని హైహ్యాట్ మీంచి లేపేస్తాడు. అంటే ఎనిమిదికి ఆరే. స్నేర్ పడిన క్షణంలో పక్కన ఇంకే చప్పుడూ ఉండదు, అందుకే అది అంత నిండుగా వినపడుతుంది. వీడియోలో ఆ చేయి లేవడం స్పష్టంగా కనపడుతుంది. ఇది ఇంటి దగ్గర ఐదు నిమిషాల్లో పట్టుబడే విషయం. పాట మొత్తం అట్లే నిలబెట్టడానికి మాత్రం నెలలు పడుతుంది, ఎందుకంటే ఖాళీ వదిలిన చోట చేయి తొందరపడి తర్వాతి దెబ్బను ముందుకు లాగుతుంది.

రెండోది బెర్నార్డ్ పర్డీ అనే డ్రమ్మర్ పేరున్న షఫుల్ నడక. మన భాషలో చెప్తే సులువు. తిశ్రంలో (లెక్కకు మూడు అక్షరాలు) "తకిట తకిట" అనుకోండి. "త", "ట" రెండూ హైహ్యాట్. నడుమ "కి" స్నేర్ మీద, కానీ వినీ వినపడనట్టు. నాలుగు తకిటల్లో మూడోదాని "త" దగ్గర మాత్రం స్నేర్ గట్టిగా. ఇందులో ఉన్న కష్టమంతా ఎత్తులో ఉంది. గట్టి దెబ్బకు కర్ర ఎనిమిది, పది అంగుళాల పైనుంచి దిగాలి. లోపలి దెబ్బకు, అంటే ఆ వినీ వినపడని "కి"కి, ఒక అంగుళం, అంతకంటే తక్కువైనా మంచిదే. నేర్చుకునేవాళ్ళు రెండిటికీ బలం మార్చాలని చూస్తారు, ఎత్తు మార్చరు. దాంతో లోపలి దెబ్బలు కూడా పైకి తేలి బీట్ గజిబిజి అవుతుంది. జెఫ్ పోర్కారో (1954–1992) 1982లో టోటో బృందం పాటకు ఇదే షఫుల్‌ను తనదైన బేస్ డ్రమ్ వరుసతో కలిపాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి.

పలకమోత, నార్పల దిక్కు:
అందరూ పేర్లు చెప్తాండారు. పలక కొట్టేటోళ్ల పేర్లు యాడ అచ్చయినాయన్నా? అయినా చెప్తా. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగకు పొయ్యి గుండం చుట్టూ నిలబడి వినండి. అడుగులేసేటోళ్ల కాళ్లు చూసి పలక కొట్టేది యాడన్నా కనపడితే అది ఆడే. కాలు నేల తాకకముందే దెబ్బ పడితే అడుగు తడబడతాది. తాకినాక పడితే ఆట బరువెక్కుతాది. ఆ సందు పట్టుకున్నోడే నాకు పెద్ద విద్వాంసుడు.

ఇంగ పని విషయం. పలక బాగా పలకాలంటే కాచేది తెలియాల. ఎండుగడ్డో, ఎండాకో మంట పెట్టి, మంటకు మూరెడు పైన పలక ముఖం కిందికి పెట్టి తిప్పుతా ఉండాల. ఒకే చోట నిలిపితే ఆడ తోలు కమిలి, అంచు దగ్గర కుట్టు కాడ చీలిక మొదలైతాది. నిమిషానికోసారి తీసి ఏలి కణుపుతో తట్టి చూడాల. "దబ్" అనేది "టంగ్" అన్నెంక ఆపేయాల. ఇంకొంచెం కాస్తే ఇంకా బాగుంటాది అనుకునేది తప్పు. బయట కొట్టేటప్పుడు తోలు ఇంకా ఎండుతాది గదా, ఆ మిగులు ముందే ఉంచుకోవాల. కుడిచేతిలో సిర్ర (లావు పుల్ల), ఎడమచేతిలో సన్న పుల్ల. సిర్ర నడిమికి కొంచెం కిందగా పడాల, సన్న పుల్ల అంచు మింద. అందరూ చేసే పొరపాటు సన్న పుల్లను ఊరికే గబగబా ఆడించేది. ఆ పుల్ల పాటలో మాటల నడుమ మాట్లాడాల, మాట మింద మాట్లాడగూడదు.

నాలుగు పలకలు ఉన్నెప్పుడు నాలుగూ ఒకే బిగువు పెట్టొద్దండి. రెండు గట్టిగా కాచి, రెండు కొంచెం మెత్తగా వదిలితే దూరం నుంచి ఇనేటోళ్లకు ఒక వరుస మాదిరి వస్తాది. ఇప్పుడు ప్లాస్టిక్ ముఖం, ఇనుప చట్రం పలకలు వచ్చినాయి. వానకు పనికొస్తాయి, మంట అక్కర్లేదు. కానీ గీ అని మోగేది ఆగదు, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఖాళీ మిగలదు. లోపలిపక్క అంచుకు గుడ్డ పట్టీ అంటిస్తే శానావరకు తగ్గుతాది.

మన అనంతపురం జిల్లా ఉరుములు, అదే ఆ తోలు వాద్యం, ఇన్నారా ఎవరన్నా? ఒక పక్క వంపు పుల్లతో తోలును రుద్దుతారు. కొట్టకుండా రుద్ది రాగం తీసేది ఇంకే తోలు వాద్యంలో ఉంది చెప్పండి.

తబలా తరంగం, కడప:
పలకమోత అన్న అడిగినదానికి దగ్గరగా తబలాలో ఒకటుంది. బాయాఁ (ఎడమచేతి కింది డగ్గా) మీద మణికట్టు మడమ ఆనించి, దెబ్బ వేశాక ముందుకు నెడితే స్వరం పైకి జారుతుంది. ఉస్తాద్ అల్లా రఖా (1919–2000), ఆయన కొడుకు జాకిర్ హుస్సేన్ (1951–2024) ఇద్దరి చేతుల్లోనూ ఆ జారుడు వినొచ్చు. తేడా గమనించాల్సింది ఎక్కడంటే, జాకిర్ సాబ్ గాత్రానికో సితారుకో వాయించేటప్పుడు ఆ జారుడు ఎదుటివాళ్ళ స్వరం జారుడుతో, అంటే మీండ్‌తో పాటే మొదలై దాంతో పాటే ఆగుతుంది. నేర్చుకునేవాళ్ళు ప్రతి "గె" కూ మడమ నెడతారు. అప్పుడు అది అలంకారం కాకుండా అలవాటైపోతుంది.

నా దృష్టిలో సంగీతం ఠేకాలోనే (తాళాన్ని మోసే మూల వరుస) ఉంది, పైన వేసే తిహాయీల్లో (మూడుసార్లు తిప్పే ముగింపులు) కాదు. తీన్‌తాల్ చూడండి, 16 మాత్రలు. ధా ధిన్ ధిన్ ధా, ధా ధిన్ ధిన్ ధా, ధా తిన్ తిన్ తా, తా ధిన్ ధిన్ ధా. తొమ్మిదో మాత్ర ఖాలీ, అంటే చప్పట్లకు బదులు చేయి విసిరే చోటు. పదో మాత్ర నుంచి పదమూడు దాకా బాయాఁ మూగబోతుంది. పద్నాలుగో మాత్రలో తిరిగి వస్తుంది. ఆ నాలుగు మాత్రల్లో కింది నాదం లేకపోవడం వల్లే గాయకుడికి సమం (తాళం మొదటి మాత్ర) ఎంత దూరంలో ఉందో లెక్క పెట్టకుండానే తెలుస్తుంది. చాలామంది వేగం పెరిగాక "తిన్" బదులు "ధిన్" వాయించేస్తారు. లెక్క తప్పదు, కానీ పాడేవాళ్ళ కాళ్ళ కింద నేల పోతుంది.

అహ్మద్‌జాన్ తిరక్వా (1892–1976) సోలో రికార్డింగులు దొరికితే విలంబిత భాగం వినండి. ఒక్కో అక్షరానికి మొదలు, చివర రెండూ వినపడతాయి.

మా ఊరి పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీలు వింటే ఇంకొకటి తెలుస్తుంది. ఎనిమిది మాత్రల కహర్వా, "ధాగెనతి నకధిన", గంటల తరబడి అదే. మిస్రా (పాట పంక్తి) పదోసారి తిరిగి వచ్చినప్పుడు ఠేకా మారదు, బరువు మారుతుంది. మొదటి "ధా" మీద ఉన్న ఒత్తు "ధిన" మీదికి జరుగుతుంది, చప్పట్లు దాన్ని అందుకుంటాయి.

సీమలయ, అనంతపురం:
తరంగం అక్కా, ఠేకా గురించి మీరు రాసింది మృదంగంలో సర్వలఘువుకు (లెక్కలు లేని సాదా నడకకు) అచ్చంగా వర్తిస్తుంది. వెల్లూర్ రామభద్రన్ (1929–2012) పేరు అందుకే చేరుస్తున్నా. ఆయన వాయించే నడకలు కాగితం మీద రాస్తే రెండో ఏడాది విద్యార్థికి కూడా వచ్చేవే. కాలప్రమాణం కదలకపోవడం, ప్రతి "నం" ఒకే నాదంతో రావడం, ఈ రెండే ఆయన సొత్తు.

లెక్కల సారూ, మీరు భౌతికశాస్త్రం చెప్తారుగా. పలకకు స్వరం ఎందుకు స్థిరంగా ఉండదో, మృదంగానికి ఎందుకు ఉంటుందో ఒకసారి వివరించండి.

లెక్కల సారు, ప్రొద్దుటూరు:
సంతోషంగా చెప్తాను. గుండ్రటి చట్రానికి తోలు బిగించి కొడితే ఒకేసారి చాలా స్వరాలు పుడతాయి. అన్నిటికంటే కిందిదాన్ని 1 అనుకుంటే మిగతావి సుమారు 1.59, 2.14, 2.30 దగ్గర ఉంటాయి. వీటికి ఒకదానితో ఒకటి పొంతన కుదరదు. చెవి వాటిని ఒక్క స్వరంగా కలుపుకోలేదు, "మోత"గా వింటుంది. పలక, కిట్‌లో టామ్ డ్రమ్ములు అన్నీ ఈ కోవలోవే.

మృదంగం కుడి ముఖం మధ్యలో నల్లటి కరణి ఉంది. ఖనిజపు పొడిని అన్నంతో కలిపి, పలచటి పొరలు పొరలుగా రుద్ది ఎక్కించింది. ఆ బరువు వల్ల మధ్యభాగం కదలిక మందగించి, పై స్వరాలు 2, 3, 4, 5 రెట్లకు సర్దుకుంటాయి. తీగ మీద వచ్చే వరుస కూడా ఇదే. అందుకే మృదంగాన్ని తంబూరాతో కలపగలం. దీన్ని సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో ప్రకటించారు, 1934లో మరింత విస్తారంగా రాశారు. తబలా కుడి ముఖానికీ ఇదే సూత్రం.

దీని నుంచి వాయించేవాళ్ళకు పనికొచ్చేది ఒకటి. కరణి బీటలు వారి పొడి రాలడం మొదలైతే బరువు తగ్గుతుంది, ఆ నిష్పత్తి చెదురుతుంది. అప్పుడు ఎంత శ్రుతి చేసినా "నం" ఒక చోట సరిగ్గా, ఇంకో చోట పెళుసుగా వస్తుంది. వార్లు బిగించడం దానికి మందు కాదు. కరణి మళ్ళీ వేయించాల్సిందే.

ఇక ఇష్టమైనవారు అంటే నాకు మృదంగ విద్వాంసుడు కారైకుడి మణి (1945–2023). లెక్క సంగీతం అవుతుందా అని అడిగేవాళ్ళకు ఆయన తని ఆవర్తనాలే సమాధానం. మోరా ఎలా కడతారో తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఆది తాళం 8 క్రియలు (చేతితో వేసే లెక్కలు), క్రియకు 4 చొప్పున 32 అక్షరాలు. ఐదో క్రియ దగ్గర మొదలుపెట్టి పాట ఎత్తుగడకు (పంక్తి మొదలయ్యే చోటుకు) చేరాలి. మోరా అంటే ఒక పదం మూడుసార్లు, వాటి నడుమ రెండు ఖాళీలు. ఎత్తుగడ సమం మీదైతే 16 అక్షరాలు కావాలి. పదం 4, ఖాళీ 2 పెడితే 12, 4 కలిసి 16. ఎత్తుగడ అర క్రియ తర్వాతైతే 18. పదం 4, ఖాళీ 3. ముప్పావు తర్వాతైతే 19. ఇక్కడ "తధిగిణతోం" హాయిగా కూర్చుంటుంది. అయిదు మూళ్ళు పదిహేను, రెండు రెళ్ళు నాలుగు. త్యాగరాజు దేశాది కీర్తనల్లా ఒకటిన్నర తర్వాతైతే 22. పదం 6, ఖాళీ 2.

ఇక్కడే అందం ఉంది. ఒకే పాటకు ఖాళీని పెంచి పదాన్ని తగ్గించవచ్చు, పదాన్ని పెంచి ఖాళీని తీసేయవచ్చు. 18కి 6, 6, 6 అని ఖాళీ లేకుండా వాయిస్తే తోసుకుంటూ వచ్చినట్టుంటుంది. 4, 3, 4, 3, 4 అయితే ఊపిరి పీల్చుకుంటూ వస్తుంది. పాట తీరును బట్టి ఎంచుకోవాలి.

గమకం, హిందూపురం:
సారూ, లెక్క సరే. పాడేవాళ్ళ వైపు నుంచి ఒక మాట గట్టిగా చెప్పాలి. మీరు చెప్పిన 18 అక్షరాల మోరా మూడు పదాలూ ఒకే బిగువుతో వస్తే నాకు ఎత్తుకోవడానికి అందదు. మొదటి పదం పూర్తి గొంతుతో, రెండోది కొంచెం తగ్గి, మూడోది మళ్ళీ తేరుకుని రావాలి. అప్పుడు చివరి "తోం" ఎక్కడ పడుతుందో నా ఒంటికి ముందే తెలుస్తుంది, వేళ్ళు లెక్క పెట్టక్కర్లేదు. ఖాళీ 3 అక్షరాలు అన్నచోట చాలామంది తొప్పి మీద ఏదో ఒకటి తట్టేస్తారు. ఆ తట్టుతో ఖాళీ ఖాళీ కాకుండా పోతుంది, మోరా మోరాగా వినపడదు.

నెరవులో ఇంకా ముఖ్యం. సాహిత్యపు పంక్తి ఒక్కటే తిరుగుతుంటుంది, రాగం మెల్లగా పైకి ఎక్కుతుంటుంది. ఆ సమయంలో మృదంగం నడక మార్చితే శ్రోత చెవి రాగాన్ని వదిలి మృదంగం వైపు పోతుంది. గాయకులు తారస్థాయి షడ్జం చేరాకే నడక మార్చడం మంచిది. రెండో కాలం ఎత్తుకున్నప్పుడు అదే క్షణంలో మృదంగం కూడా రెట్టింపు కావాల్సిన పని లేదు. ఒక ఆవర్తనం మొదటి కాలంలోనే ఉంటే ఆ వేగం తేడా రెండింటి మధ్యా వినపడుతుంది, చాలా అందంగా ఉంటుంది.

నా పేర్లు రెండూ ఆంధ్ర మృదంగం నుంచే. యెల్లా వెంకటేశ్వరరావు గారు, నిడుమోలు సుమతి గారు. సుమతి గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మృదంగానికి బలమే ముఖ్యం, ఆడవాళ్ళకు కుదరదు అనే మాట ఇంకా వినపడుతోంది. ఆమె చాపు (కుడి ముఖం మీద మోగే దెబ్బ) వినమనండి. చాపులో మోగేది వేలు తగిలిన చోటు, తగిలి లేచిన వేగం. భుజం బలంతో దానికి సంబంధం లేదు.

లెక్కల సారు, ప్రొద్దుటూరు:
గమకం అమ్మా, ఖాళీలో తట్టకూడదన్నది ఒప్పుకుంటాను. నడక మార్చకూడదన్నది మాత్రం పూర్తిగా ఒప్పుకోను. చతురశ్రంలో (నాలుగు అక్షరాల నడకలో) పాడుతుంటే ఒక్క ఆవర్తనం తిశ్రం చూపించి తిరిగి వస్తే రాగానికి కొత్త వెలుగు వస్తుంది.

గమకం, హిందూపురం:
స్వరకల్పనలో తప్పకుండా సార్. నెరవులో వద్దు. అక్కడ మాట ఉంది. తిశ్రంలో పడితే సాహిత్యంలో దీర్ఘం హ్రస్వంలా వినపడుతుంది.

బురుజు బీట్, కర్నూలు:
గమకం మేడమ్ చెప్పిన ఖాళీ విషయం కిట్‌కూ వర్తిస్తుంది కాబట్టి జాజ్ డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్ పేరు కలుపుతున్నా. ఆయన 1966లో వేసిన ఒంటరి డ్రమ్ వాయింపుల్లో ఒకటి మూడు లెక్కల ఆవృతం. ఒకటి మీద బేస్ డ్రమ్, రెండు, మూడు మీద కాలితోనే హైహ్యాట్. అది మొదటి నుంచి చివరిదాకా ఆగదు. పైన చేతులు చిన్న చిన్న వాక్యాలు వాయించి ఊరుకుంటాయి. ఒక వాక్యం అడిగితే ఇంకోటి బదులిస్తుంది. టామ్‌లకు స్థిరమైన స్వరం లేదని లెక్కల సారు చెప్పారు కదా, అయినా ఎత్తు, మధ్యమం, పల్లం అన్న మూడు స్థాయిలతోనే పాట కట్టొచ్చని దీంట్లో తెలుస్తుంది. కానీ దానికి టామ్‌లు విడివిడిగా పలకాలి.

ట్యూనింగ్ ఇలా. ముఖం పెట్టి స్క్రూలన్నీ ముందు వేళ్ళతోనే బిగించాలి. తర్వాత తాళంచెవితో ఎదురెదురు స్క్రూలు ఒక్కోటి పావు మలుపు చొప్పున. పక్కపక్కవి వరసగా బిగిస్తే ముఖం ఒక వైపుకు లాగి, ఎంత తిప్పినా స్వరం వణుకుతూనే ఉంటుంది. ప్రతి స్క్రూకు అంగుళం లోపల పుల్లతో తట్టి అన్నీ ఒకేలా పలికేదాకా సరిచేయాలి. కింది ముఖం పైదానికంటే కొంచెం హెచ్చుగా ఉంటే దెబ్బ త్వరగా ముగుస్తుంది. రెండూ సమానంగా ఉంటే ఎక్కువసేపు మోగుతుంది. పెళ్ళి మండపాల్లో మొదటిదే మేలు.

కొత్తచేయి, నంద్యాల:
అందరికీ నమస్కారం. మృదంగం నేర్చుకుంటున్నాను. రెండు సందేహాలు. వేసవిలో తొప్పికి వేసిన రవ్వ కచేరీ సగంలోనే ఎండిపోయి టకటకమంటోంది. రెండోది, ఆరుబయట వేదిక మీద ఆరింటికి శ్రుతి చేస్తే ఎనిమిదింటికి దిగిపోతోంది. ఏం చేయాలి?

సీమలయ, అనంతపురం:
తమ్ముడూ, మొదట రవ్వ. రెండు చెంచాల సన్న బొంబాయి రవ్వ తీసుకుని కొద్దికొద్దిగా నీళ్ళు చిలకరించి ముద్ద చేసి, పది నిమిషాలు మూత పెట్టి వదిలెయ్. రవ్వ నీళ్ళు పీల్చుకున్నాక మళ్ళీ నలిపితే పలుకు తెలియకుండా జిగురు వస్తుంది. చాలామంది ఈ పది నిమిషాలు ఆగరు. అప్పుడు రవ్వ వేదిక మీద తోలులోని తడిని లాక్కుంటుంది, అందుకే త్వరగా ఎండుతుంది. తొప్పి మధ్యలో తడిగుడ్డతో ఒత్తి, తోలు కాస్త మెత్తబడ్డాక ముద్ద పెట్టు. వెడల్పు మూడు అంగుళాలు, మధ్యలో చిటికెన వేలి మందం, అంచులు పలచగా తోలులో కలిసిపోవాలి. కింద గాలి చిక్కితే "తోం" బదులు "బొద్" అంటుంది. తొప్పి నాదం కుడి ముఖం షడ్జానికి ఒక స్థాయి కింద రావాలి. ఇంకా హెచ్చుగా ఉంటే ఇంకొంచెం రవ్వ కలుపు, మరీ దిగితే గీకి తీసెయ్. కచేరీ మధ్యలో పాటకూ పాటకూ నడుమ వేలు తడిపి పైన రాస్తే చాలు, కొత్త ముద్ద అక్కర్లేదు. అయిపోగానే పూర్తిగా గీకి పొడిగుడ్డతో తుడువు. అట్లే వదిలితే తోలు బిరుసెక్కి ఆ చోటే పగులుతుంది.

రెండోదానికి కారణం గాలిలో తేమ. పొద్దుగూకాక గాలి చల్లబడి తేమ పట్టుతుంది, తోలు సడలుతుంది, శ్రుతి దిగుతుంది. మధ్యాహ్నపు ఎండలో బిగిసిన వాద్యాన్ని ఆ వేడిలోనే శ్రుతి చేయకు. వేదిక దగ్గర నీడలో అరగంట ఉంచి, తర్వాతే చెయ్. పక్కన నీళ్ళ కూలరు ఉంటే దాని గాలి నేరుగా తగలకుండా కూర్చో, అది కూడా తేమే. కుడి ముఖం చుట్టూ వార్లు దూరే 16 కళ్ళు ఉంటాయి కదా, ప్రతి చోట "నం" తట్టి చూడు. దిగిన చోట పుల్ల ఆనించి అల్లిక అంచును పైనుంచి కిందికి గుండ్రాయితో కొట్టు. హెచ్చిన చోట కింది నుంచి పైకి. ఒకే చోట నాలుగు దెబ్బలు వేయకు, ఒకటి వేసి దానికి ఎదురుగా చూడు.

హెచ్చు శ్రుతి గాత్రానికి తగ్గు శ్రుతి మృదంగాన్ని బలవంతంగా బిగించి వాడొద్దు. ఐదు, ఐదున్నర శ్రుతికి చిన్న ముఖం వాద్యం వేరే ఉండాలి. పెద్దదాన్ని అంత బిగిస్తే నాదం చచ్చిపోతుంది, తోలు కూడా ఎక్కువ కాలం నిలవదు.

మైకు గూడు, ఆళ్లగడ్డ:
సౌండ్ పని చేసేవాణ్ణి కాబట్టి ఒక లెక్క చెప్తాను. ఫంక్షన్ హాలు నేల టైల్స్, గోడలు నున్నగా ఉంటాయి. వెనక గోడ వేదిక నుంచి 16 మీటర్లు అనుకోండి. చప్పుడు పోయి రావడానికి 32 మీటర్లు, అంటే సుమారు 0.094 సెకను. నిమిషానికి 80 క్రియల వేగంలో ఒక్కో క్రియ 0.75 సెకను. క్రియకు 8 దెబ్బలు వాయిస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య 0.094 సెకనే. ప్రతి దెబ్బ మీద ముందుదాని ప్రతిధ్వని సరిగ్గా వచ్చి పడుతుంది. ఎంత గొప్ప ఫరన్ (వేగంగా పరిగెత్తే దెబ్బల వరుస) అయినా ముద్దగా వినపడుతుంది. అట్లాంటి హాల్లో 8 బదులు 4 వాయించి నాదం మీద పెట్టండి, ప్రేక్షకులకు రెట్టింపు వినపడుతుంది.

మైకు కుడి ముఖానికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో, అంచు వైపు చూపించాలి. కరణికి ఎదురుగా పెడితే టిక్కు టిక్కు మాత్రమే వస్తుంది. తొప్పి వైపు బేస్ పెంచమని అడగకండి. గది తానే పెంచుతుంది.

పెన్నా ఒడ్డు, తాడిపత్రి:
ఆర్కెస్ట్రాలో ఆక్టాప్యాడ్ వాడేవాళ్ళ సంగతేంటి? అది సంగీతం కాదని చాలామంది అంటారు.

బురుజు బీట్, కర్నూలు:
ప్యాడ్ తప్పు కాదన్నా, సెట్టింగ్ తప్పు. ఎనిమిది ప్యాడ్‌లూ ఒకే వాల్యూమ్‌లో, మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకే చప్పుడు వచ్చేట్టు పెట్టుకుంటారు. దెబ్బ బలాన్ని బట్టి చప్పుడు మారేట్టు సెన్సిటివిటీ, కర్వ్ సరిచేసుకుంటే అందులోనూ లోపలి దెబ్బలు వస్తాయి. ఢోలక్ చప్పుడు వాడేటప్పుడు తెరిచిన దెబ్బ, మూసిన దెబ్బ రెండూ వేరే ప్యాడ్‌లలో పెట్టి, మూసింది పడగానే తెరిచింది ఆగిపోయేట్టు జత చేయాలి. అది చేయకపోతే రెండు ఢోలక్‌లు వాయిస్తున్నట్టుంటుంది.

తబలా తరంగం, కడప:
ఈ చర్చలో కంజీర ఎవరూ ముట్టుకోలేదు. జి. హరిశంకర్ (1958–2002) వినకుండా లయ గురించి మాట్లాడటం కుదరదు. అరచేతిలో పట్టే ఒక్క ముఖం, ఒక్క జత బిళ్ళలు. ఎడమచేతి వేళ్ళతో అంచు దగ్గర తోలును నొక్కి వదులుతూ మృదంగం తొప్పి చేసే పనంతా చేసేవారు. వాయించే ముందు లోపలి వైపు తోలుకు కొన్ని చుక్కల నీళ్ళు రాసి రెండు నిమిషాలు ఆగాలి. తడి ఎక్కువైతే బిళ్ళల మోత తప్ప ఏమీ మిగలదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఉడుము తోలు వాడకూడదు, మేకతోలుదే కొనండి. మేకతోలు కాస్త మందం, నీళ్ళు పట్టడానికి ఎక్కువసేపు కావాలి, అంతే.

కొత్తచేయి, నంద్యాల:
అందరికీ కృతజ్ఞతలు. కాలప్రమాణం కదలకుండా ఉండటానికి ఇంట్లో ఏం చేయాలి? మెట్రోనోమ్ పెట్టుకుంటే బాగానే వస్తోంది, తీసేస్తే పరిగెత్తుతోంది.

లెక్కల సారు, ప్రొద్దుటూరు:
బాబూ, మెట్రోనోమ్ నీ తరఫున కాలం మోస్తోంది, అందుకే తీసేస్తే పోతోంది. నిమిషానికి 80 పెట్టు. ఆది తాళం ఒక ఆవర్తనం 6 సెకన్లు. నాలుగు ఆవర్తనాలు శబ్దంతో, నాలుగు శబ్దం ఆపి. ఆ 24 సెకన్ల తర్వాత శబ్దం తిరిగి వచ్చినప్పుడు నీ సమం దాని మీద పడాలి. ముందే పడితే పరుగు, వెనక పడితే ఈడ్పు. నాలుగు కుదిరాక ఎనిమిదికి పెంచు. ముందు సర్వలఘువు మాత్రమే. మోరాలు అప్పుడే వద్దు. చాలామందికి పరుగు మొదలయ్యేది మోరా ఖాళీల్లోనే.

గమకం, హిందూపురం:
శబ్దం ఆపిన ఆ నాలుగు ఆవర్తనాల్లో నీకు బాగా వచ్చిన కీర్తన పల్లవి నోటితో పాడుకో బాబూ, మెల్లగానైనా సరే. సాహిత్యం నోట్లో ఉంటే చేయి పరిగెత్తదు.

పలకమోత, నార్పల దిక్కు:
పాట రాకపోతే నడువు తమ్ముడూ. నడుస్తా తొడ మింద తట్టు, కుడికాలు పడినెప్పుడు క్రియ. మెత్తటి నేల మింద కొంచెంసేపు, గట్టి నేల మింద కొంచెంసేపు. రెండిట్లోనూ ఒకటే వేగం వస్తాందో లేదో చూసుకో.